ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్: స్టూడియో ఆల్బమ్‌లు, కచేరీ ఆల్బమ్‌లు

ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ అమెరికా దక్షిణ రాష్ట్రాలకు చెందిన బ్లూస్ రాక్ బృందం. 1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఏర్పడింది. కొద్ది వారాలకే జార్జియాలోని మేకన్ పట్టణానికి మకాం మార్చింది. మధ్యలో రెండుసార్లు విడిపోయి మళ్లీ కలిసి, 2014 అక్టోబరు దాకా కొనసాగింది. ఈ వ్యాసం ప్రధానంగా 1969, 1979ల మధ్య వెలువడిన రికార్డుల గురించి.

రాక్ సంగీతంలో మామూలుగా స్టూడియో ఆల్బమే అసలు కృతి. కచేరీ రికార్డు అభిమానులకు అదనపు కానుక. ఈ బృందం విషయంలో అది తారుమారైంది. పాటకు రూపం కుదిరింది స్టూడియోలోనే అయినా, ఆ పాట ఎదిగింది వేదిక మీద. బృందానికి పేరు తెచ్చినది 1971 నాటి కచేరీ ఆల్బమ్ 'ఎట్ ఫిల్మోర్ ఈస్ట్'. అంతకు ముందు వచ్చిన రెండు స్టూడియో ఆల్బమ్‌లను కొన్నవాళ్లు తక్కువ. అయితే ఆ రెండింటినీ పక్కన పెట్టి కచేరీ ఆల్బమ్‌ను మాత్రమే వింటే సగమే అందుతుంది. అయిదు నిమిషాల పాట ఇరవై మూడు నిమిషాలు ఎలా అయిందో తెలియాలంటే ఆ అయిదు నిమిషాలూ ముందు విని ఉండాలి.

బృందం, దాని మూలాలు

తొలి బృందంలో ఆరుగురు. గిటార్ డ్వేన్ ఆల్‌మన్ (1946–1971). గాత్రం, హామండ్ ఆర్గన్ అతడి తమ్ముడు గ్రెగ్ ఆల్‌మన్ (1947–2017). రెండో గిటార్ డికీ బెట్స్ (1943–2024), బేస్ గిటార్ బెరీ ఓక్లీ (1948–1972). డ్రమ్స్ దగ్గర ఇద్దరు: బుచ్ ట్రక్స్ (1947–2017), జైమో. మిసిసిపీలో పుట్టిన జైమో ఆఫ్రికన్ అమెరికన్. అంతకు ముందు ఓటిస్ రెడింగ్, పెర్సీ స్లెడ్జ్ వంటి సోల్ గాయకుల బృందాల్లో వాయించాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఒకే ఇంట్లో ఉంటూ ఒకే వేదిక ఎక్కడం 1969 నాటి జార్జియాలో చిన్న విషయం కాదు. జాన్ కోల్ట్రేన్, మైల్స్ డేవిస్‌ల జాజ్ రికార్డులను మిగతావాళ్లకు అలవాటు చేసింది కూడా జైమోనే. ఈ బృందం సుదీర్ఘమైన మనోధర్మ వాదనానికి పునాది ఆ రికార్డుల్లో ఉంది.

అన్నదమ్ములు టెనసీలోని నాష్‌విల్‌లో పుట్టారు, ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో పెరిగారు. ఇద్దరూ కలిసి నడిపిన 'అవర్ గ్లాస్' బృందం లాస్ ఏంజెలెస్‌లో లిబర్టీ కంపెనీకి 1967, 1968ల్లో రెండు ఆల్బమ్‌లు చేసింది. ఏ పాటలు పాడాలో కంపెనీయే చెప్పేది. బ్లూస్ వాయించాలని ఉన్న డ్వేన్‌కు అది ఊపిరాడని చోటు. అతడు దక్షిణాదికి తిరిగి వచ్చి, అలబామాలోని మజిల్ షోల్స్‌లో ఫేమ్ స్టూడియోలో ఇతరుల పాటలకు గిటార్ వాయించసాగాడు. విల్సన్ పికెట్ పాడిన 'హే జూడ్' (1968) చివర డ్వేన్ వాయించిన గిటార్ విని అట్లాంటిక్ రికార్డ్స్ పెద్దలు ఎవరీ కుర్రాడని ఆరా తీశారు. ఓటిస్ రెడింగ్ వ్యవహారాలు చూసిన మేకన్ వాస్తవ్యుడు ఫిల్ వాల్డెన్ అతడికి అండగా నిలిచాడు. అట్లాంటిక్ తోడ్పాటుతో వాల్డెన్ నెలకొల్పిన కేప్రికార్న్ రికార్డ్స్ నుంచే ఈ బృందం డెబ్బైల ఆల్బమ్‌లన్నీ వచ్చాయి.

డ్వేన్ స్లైడ్ గిటార్ నేర్చుకున్న వైనాన్ని గ్రెగ్ చాలాసార్లు చెప్పాడు. జలుబుతో పడుకున్న అన్నకు పుట్టినరోజు కానుకగా గ్రెగ్ రెండు వస్తువులు ఇచ్చాడు: తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి తొలి ఆల్బమ్, కొరిసిడిన్ అనే జలుబు మాత్రల సీసా. ఆ ఆల్బమ్‌లోని 'స్టేట్స్‌బరో బ్లూస్‌'లో జెస్సీ ఎడ్ డేవిస్ స్లైడ్ వాయించాడు. డ్వేన్ సీసాలోంచి మాత్రలు ఒలకబోసి, చీటీ కడిగేసి, ఖాళీ గాజు సీసాను ఉంగరపు వేలికి తొడుక్కుని ఆ పాట సాధన చేయడం మొదలుపెట్టాడు. తీగను మెట్టు దగ్గర నొక్కకుండా గాజును దాని మీద జార్చడం వల్ల ఒక స్వరం నుంచి మరో స్వరానికి తెగకుండా పోవచ్చు. మనిషి గొంతులోని మూలుగు, ఏడుపు గిటార్‌లో పలకడానికి అదే దారి.

మొదటి రెండు స్టూడియో ఆల్బమ్‌లు

తొలి ఆల్బమ్ 'ది ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్' 1969 నవంబరులో వచ్చింది. న్యూయార్క్‌లోని అట్లాంటిక్ స్టూడియోలో ఆగస్టులో రెండు వారాల్లో రికార్డు చేశారు. నిర్మాతగా ఉండవలసిన టామ్ డౌడ్ అందుబాటులో లేకపోవడంతో ఏడ్రియన్ బార్బర్ ఆ పని చేశాడు. మొదట్లో ఇది 35 వేల ప్రతులు కూడా అమ్ముడుపోలేదు. బిల్‌బోర్డ్ పట్టికలో 188వ స్థానం దగ్గర ఆగిపోయింది.

అమ్మకాలకూ సరుకుకూ సంబంధం లేదనడానికి ఈ ఆల్బమే సాక్ష్యం. ఇందులో మడ్డీ వాటర్స్ పాడిన 'ట్రబుల్ నో మోర్' ఉంది. మూడు లెక్కల నడకలో మెల్లగా ఊగే 'డ్రీమ్స్' ఉంది, మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' విన్నవాళ్లకు దాని వాసన వెంటనే తగులుతుంది. ఆఖరున 'విప్పింగ్ పోస్ట్'. గ్రెగ్‌కు ఈ పాట రాత్రిపూట స్ఫురించింది. కాగితం దొరకక, ఇస్త్రీ బల్ల గుడ్డ మీద కాల్చిన అగ్గిపుల్లల మసితో రాసుకున్నానని అతడు చెప్పాడు. పాట ఎత్తుగడ పదకొండు లెక్కల ఆవృత్తం: మూడు, మూడు, మూడు, రెండు. అది పదకొండు అని గ్రెగ్‌కు తెలియనే తెలియదు, డ్వేన్ లెక్కపెట్టి చెప్పాడట. ఆ చివరి రెండు లెక్కల దగ్గర వినేవాడి కాలు తడబడుతుంది. పాటలో ఉన్న వేదనకు ఆ తడబాటే ప్రాణం.

రెండో ఆల్బమ్ 'ఐడిల్‌వైల్డ్ సౌత్' 1970 సెప్టెంబరులో వచ్చింది. ఈసారి నిర్మాత టామ్ డౌడ్. ఒక్క 'ప్లీజ్ కాల్ హోమ్' మాత్రం జోయెల్ డార్న్ చేశాడు. మేకన్ దగ్గర బృందం అద్దెకు తీసుకున్న పల్లెటూరి ఇంటికి వచ్చేపోయేవాళ్లు ఎక్కువై, న్యూయార్క్ ఐడిల్‌వైల్డ్ విమానాశ్రయంలా ఉందని ఆ పేరు పెట్టుకున్నారు. 'మిడ్‌నైట్ రైడర్' మూడు నిమిషాల పాట. అందులో ఒక్క స్వరం కూడా ఎక్కువ కాదు. ఈ బృందానికి పొడుగ్గా వాయించడమే తెలుసని అనుకునేవాళ్లు ముందు దీన్ని వినాలి. బెట్స్ కూర్చిన 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్' గాత్రం లేని కృతి. పేరు మేకన్‌లోని రోజ్ హిల్ శ్మశానంలో ఒక సమాధి ఫలకం మీద కనిపించింది. స్టూడియోలో అది ఏడు నిమిషాల లోపే ముగుస్తుంది.

ఈ ఆల్బమ్ 38వ స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో డ్వేన్ మయామీలో ఎరిక్ క్లాప్టన్ చేస్తున్న 'లేలా' ఆల్బమ్‌లో కూడా వాయించాడు. దానికీ నిర్మాత డౌడే. ఈ పనుల నడుమ బృందం 1970లో మూడు వందల దాకా కచేరీలు చేసిందంటారు. ఆరుగురూ ఒకరి ఊపిరి ఒకరికి తెలిసేటంతగా కలిసిపోయింది ఆ ప్రయాణాల్లోనే. స్టూడియోలో ఏం చేసినా రాత్రి వేదిక మీద జరిగేది రికార్డులోకి రావడం లేదని వాళ్లకు తెలుసు.

ఎట్ ఫిల్మోర్ ఈస్ట్

న్యూయార్క్ నగరం ఈస్ట్ విలేజ్‌లో బిల్ గ్రేహమ్ నడిపిన ప్రదర్శనశాల ఫిల్మోర్ ఈస్ట్. పేరుమోసిన ఆ వేదిక మీద 1971 మార్చి 11 నుంచి 13 దాకా జానీ వింటర్, ఎల్విన్ బిషప్ బృందాలతో పాటు ఆల్‌మన్ బృందం కూడా కచేరీలు చేసింది. టామ్ డౌడ్ పదహారు ట్రాకుల యంత్రంతో అంతా రికార్డు చేశాడు. మొదట బృందం సాక్సఫోన్ వాద్యకారులను కూడా వెంట తెచ్చింది. శ్రుతి కలవని చోట్లు విన్న డౌడ్ వాళ్లు వద్దని గట్టిగా చెప్పాడు. ప్రతి రాత్రీ కచేరీ అయ్యాక టేపులు పట్టుకుని అట్లాంటిక్ స్టూడియోకు వెళ్లి వినేవాళ్లు. ఏది కుదిరింది, ఏది మర్నాడు మళ్లీ వాయించాలి అని అక్కడే నిర్ణయించుకునేవాళ్లు. ఆల్బమ్ జూలైలో రెండు రికార్డుల జతగా, మామూలు జంట ఆల్బమ్‌ల కన్నా తక్కువ ధరకు విడుదలైంది.

నాలుగు వైపుల్లో ఉన్నవి ఏడే పాటలు. మొదటి వైపు మూడు పాత బ్లూస్ పాటలు: బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ 'స్టేట్స్‌బరో బ్లూస్', ఎల్మోర్ జేమ్స్ 'డన్ సమ్‌బడీ రాంగ్', టి-బోన్ వాకర్ 'స్టార్మీ మండే'. రెండో వైపంతా విల్లీ కాబ్స్ పాట 'యూ డోంట్ లవ్ మి', 19 నిమిషాలు. మూడో వైపు 'హాట్ లాంటా', 13 నిమిషాల 'ఎలిజబెత్ రీడ్'. నాలుగో వైపు 23 నిమిషాల 'విప్పింగ్ పోస్ట్'. ఎల్పీ రికార్డుకు ఒక వైపు పట్టేది సుమారు అంతే. పాటల ఎంపికలో సంగీతంతో పాటు వినైల్ కొలత కూడా పనిచేసింది.

మొదటి పాట మొదటి క్షణం నుంచి డ్వేన్ స్లైడ్ గిటార్ వినేవాడిని చొక్కా పట్టి లాగుతుంది. జలుబు మాత్రల సీసాతో సాధన చేసిన పాటే అది. అయినా ఈ ఆల్బమ్ గొప్పదనం ఒక్క డ్వేన్‌లో లేదు. ఇద్దరు గిటారిస్టుల్లో ఒకడు ముఖ్యుడు, ఇంకొకడు సహాయకుడు అనే పద్ధతి ఇక్కడ లేదు. కంట్రీ, వెస్ట్రన్ స్వింగ్ విని పెరిగిన బెట్స్ స్పష్టమైన బాణీలు కడతాడు. డ్వేన్ ఆ బాణీని అందుకుని బ్లూస్ వైపు వంచుతాడు. ఆ తరవాత ఇద్దరూ ఒకే బాణీని వేర్వేరు స్థాయిల్లో జంటగా పలికిస్తారు. ఓక్లీ బేస్ ఆధారశ్రుతి పట్టి ఊరుకోదు, మూడో గిటార్‌లా మాట కలుపుతుంది. ట్రక్స్ నడకను తోసుకుపోతుంటే జైమో ఆ నడక సందుల్లో అల్లికలు వేస్తాడు.

'ఎలిజబెత్ రీడ్' ఈ ఆల్బమ్‌కు గుండె అని నా అభిప్రాయం. స్టూడియోలో వరసగా వచ్చే ఘట్టాలు ఇక్కడ ఒకదాన్నించి ఒకటి పుడతాయి. బెట్స్ ఏకాంత వాదనం ఎక్కడ ఆపాడో, గ్రెగ్ ఆర్గన్ అక్కణ్ణించే మొదలవుతుంది. తరవాత డ్వేన్ కోల్ట్రేన్‌ను తలచుకుంటూ ఒకే స్వరసమూహాన్ని తిప్పి తిప్పి వాయిస్తూ తారస్థాయికి చేరి, అక్కడ ఆగి, కిందికి దిగి, మళ్లీ ఎక్కుతాడు. కర్ణాటక సంగీత కచేరీలో కీర్తన కన్నా దాని చుట్టూ సాగిన ఆలాపన, నెరవు, స్వరకల్పనలు ఎక్కువసేపు మనసులో నిలిచినట్టే ఇక్కడా వాళ్ల మనోధర్మం పాటను మించి పెరుగుతుంది. పెరిగినా పాటను విడిచిపోదు. పల్లవి దగ్గరికి తిరిగి వచ్చే క్షణంలో ఆరుగురూ ఒక్కసారి వాలతారు. సాధన లేని స్వేచ్ఛకు అది సాధ్యం కాదు.

కచేరీ ఆల్బమ్ అనగానే జరిగింది జరిగినట్టే రికార్డులోకి వచ్చిందని అనుకుంటాం. ఇక్కడ డౌడ్ కత్తెర కూడా పనిచేసింది. 'యూ డోంట్ లవ్ మి' రెండు ప్రదర్శనలను అతికి తయారుచేసింది. 'స్టార్మీ మండే'లో అతిథి థామ్ డుసెట్ హార్మోనికా ఏకాంత వాదనాన్ని తీసేశారు, 1992లో వచ్చిన 'ది ఫిల్మోర్ కన్సర్ట్స్'లో మళ్లీ చేర్చారు. ఇది మోసం అనుకోనక్కర్లేదు. వేదిక మీద పుట్టినదాన్ని ఇంట్లో పదేపదే వినదగిన రూపంలోకి తేవడం కూడా ఒక కళే. డౌడ్ వాద్యాలను ఎక్కడెక్కడ నిలబెట్టాడో గమనిస్తే, రెండు గిటార్లూ రెండు చెవుల్లో విడివిడిగా వినిపించి, ఎవరు ఏం వాయిస్తున్నారో తేలిగ్గా తెలుస్తుంది.

ముఖచిత్రం జిమ్ మార్షల్ మేకన్‌లో తీసిన నలుపు తెలుపు ఫొటో. వాద్యాల పెట్టెల ముందు బృందం పగలబడి నవ్వుతూ కూర్చుంది. వెనక వైపు అదే చోట, ఆ పెట్టెలు మోసే సహాయకుల ఫొటో. తమ ఆల్బమ్ మీద సహాయకులకు అంత చోటు ఇచ్చిన బృందాలు అరుదు.

ఆల్బమ్ 13వ స్థానానికి చేరింది. 1971 జూన్ 27న ఫిల్మోర్ ఈస్ట్ మూతపడినప్పుడు ఆఖరి కచేరీకి గ్రేహమ్ ఎంచుకున్నది ఈ బృందాన్నే. అక్టోబరులో ఆల్బమ్‌కు గోల్డ్ గుర్తింపు వచ్చింది. అదే నెల 29న మేకన్‌లో మోటారు సైకిల్ ప్రమాదంలో డ్వేన్ చనిపోయాడు. అప్పటికి అతడికి 24 ఏళ్లు. 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ ఆల్బమ్‌ను జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చింది.

ఈట్ ఎ పీచ్

1972 ఫిబ్రవరిలో వచ్చిన 'ఈట్ ఎ పీచ్' ఏ కోవకూ పూర్తిగా చెందదు. రెండు రికార్డుల్లో కొంత స్టూడియో, కొంత కచేరీ. స్టూడియో భాగంలోనూ రెండు కాలాలున్నాయి. 'స్టాండ్ బ్యాక్', 'బ్లూ స్కై', 'లిటిల్ మార్తా' డ్వేన్ బతికుండగా చేసినవి. 'ఎయింట్ వేస్టిన్ టైమ్ నో మోర్', 'లె బ్రెర్స్ ఇన్ ఎ మైనర్', 'మెలిస్సా' అతడు పోయాక మిగిలిన అయిదుగురూ చేసినవి. 'ఎయింట్ వేస్టిన్ టైమ్'లో స్లైడ్ వాయించింది బెట్స్. తనకు అలవాటు లేని వాద్యపద్ధతిని నేర్చుకుని, డ్వేన్ ఖాళీ చేసిన చోట నిలబడ్డాడు. ఆ పాట వింటున్నప్పుడు ఈ సంగతి మరవడం కష్టం.

కచేరీ భాగంలో ప్రధానమైనది డానవన్ పాట బాణీ మీద అల్లిన 'మౌంటెన్ జామ్'. 33 నిమిషాలకు పైబడిన దీన్ని ఎల్పీలో రెండో వైపుకూ నాలుగో వైపుకూ పంచారు. ఫిల్మోర్ ఆల్బమ్ చివర 'విప్పింగ్ పోస్ట్' సద్దుమణిగేటప్పుడు శ్రద్ధగా వింటే 'మౌంటెన్ జామ్' ఎత్తుగడ లీలగా వినిపిస్తుంది. ఒక ఆల్బమ్ ఆగిన చోట ఇంకొకటి మొదలైంది. 'వన్ వే అవుట్' ఫిల్మోర్ ఈస్ట్ ఆఖరి రాత్రిది. ఆల్బమ్ నాలుగో స్థానానికి చేరింది. శాంతి గురించి ఒక ముఖాముఖిలో డ్వేన్ అన్న మాట నుంచి దీని పేరు తీసుకున్నారు.

'బ్లూ స్కై' బెట్స్ రాసి, పాడింది. అందులో మొదట డ్వేన్, తరవాత బెట్స్ వాయించే గిటార్లు ఎక్కడ చేతులు మారాయో పట్టుకోవడం మొదటిసారి విన్నప్పుడు సాధ్యం కాదు. స్టూడియోలో ఈ జంట చేసిన పనుల్లో అంతకన్నా అందమైనది లేదు.

డ్వేన్ తరవాత

1972 నవంబరు 11న ఓక్లీ కూడా మోటారు సైకిల్ ప్రమాదంలోనే మరణించాడు. డ్వేన్ పడిపోయిన చోటికి మూడు వీధుల దూరంలో, అదే 24 ఏళ్ల వయసులో. 'బ్రదర్స్ అండ్ సిస్టర్స్' అప్పటికి సగంలో ఉంది. 'వేస్టెడ్ వర్డ్స్', 'రాంబ్లిన్ మ్యాన్' పాటల్లో బేస్ అతడిదే, మిగతా వాటిలో లామార్ విలియమ్స్‌ది. డ్వేన్ బదులు మరో గిటారిస్టును తెచ్చుకోకుండా చక్ లెవెల్ అనే యువ పియానో వాద్యకారుణ్ణి తీసుకోవడం తెలివైన నిర్ణయం. పోలిక రాకుండా కొత్త గొంతు వచ్చింది.

1973 ఆగస్టులో విడుదలైన ఈ ఆల్బమ్ అయిదు వారాలు మొదటి స్థానంలో ఉంది. 'రాంబ్లిన్ మ్యాన్' పాటల పట్టికలో రెండో స్థానానికి వెళ్లింది. గాత్రం లేని 'జెస్సికా'కు బెట్స్ తన పసికూతురి పేరు పెట్టాడు. చేయి కాలిపోయి రెండు వేళ్లతోనే గిటార్ వాయించిన జాంగో రైన్‌హార్ట్‌ను తలచుకుంటూ, రెండు వేళ్లతో పలికే బాణీ కట్టానని చెప్పాడు. బీబీసీ 'టాప్ గేర్' చూసినవాళ్లకు ఆ బాణీ తెలిసే ఉంటుంది. ఇందులో బ్లూస్ పలచబడి కంట్రీ ముందుకు వచ్చింది. అమ్మకాల పరంగా ఇది శిఖరం. ఆ జూలై 28న వాట్కిన్స్ గ్లెన్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్, ది బ్యాండ్‌లతో కలిసి చేసిన కచేరీకి దాదాపు ఆరు లక్షల మంది వచ్చారని అంచనా.

1975 నాటి 'విన్, లూజ్ ఆర్ డ్రా' అయిదో స్థానానికి చేరినా బలహీనమైన ఆల్బమ్. గ్రెగ్ తన గాత్రాన్ని వేరే ఊళ్లో రికార్డు చేశాడు. కొన్ని పాటల్లో ట్రక్స్, జైమో ఇద్దరూ లేరు. కలిసి వాయించడమే ప్రాణమైన బృందం విడివిడిగా పనిచేస్తే ఏమవుతుందో ఇందులో వినిపిస్తుంది. 1976లో మాదకద్రవ్యాల కేసులో గ్రెగ్ తమ బృందం ఉద్యోగికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడంతో బృందం చీలిపోయింది.

చీలిక తరవాత అదే ఏడాది చివర్లో వచ్చిన జంట కచేరీ ఆల్బమ్ 'వైప్ ది విండోస్, చెక్ ది ఆయిల్, డాలర్ గ్యాస్'. 1972 నుంచి 1975 వరకు వేర్వేరు చోట్ల చేసిన రికార్డింగుల కూర్పు. 75వ స్థానం దాటలేదు, విమర్శకులూ పెద్దగా పట్టించుకోలేదు. ఫిల్మోర్‌తో పోల్చి దీన్ని తీసిపారేయడం అన్యాయం. రెండో గిటార్ ఉండవలసిన చోట లెవెల్ పియానో ఉన్న 'ఎలిజబెత్ రీడ్' 17 నిమిషాలు సాగుతుంది. 1971 నాటి ఉద్రిక్తత ఇందులో లేదు, దాని బదులు జాజ్ తేటదనం వచ్చింది. ఒకే కృతి మూడు రికార్డుల్లో మూడు రకాలుగా బతకగలదని ఇది చూపిస్తుంది.

1978లో మళ్లీ కలిశాక టామ్ డౌడ్ నిర్మాతగా 'ఎన్‌లైటెండ్ రోగ్స్' 1979లో వచ్చింది. ఆ పేరు డ్వేన్ తమ బృందాన్ని పిలుచుకున్న మాట. అదే ఏడాది కేప్రికార్న్ దివాలా తీసింది. అరిస్టా కంపెనీకి చేసిన 'రీచ్ ఫర్ ది స్కై' (1980), 'బ్రదర్స్ ఆఫ్ ది రోడ్' (1981) ఆనాటి రేడియో అభిరుచికి లొంగిన ఆల్బమ్‌లు, వాటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 1982లో బృందం ఆగిపోయింది.

1989లో వారెన్ హేన్స్ గిటార్‌తో మళ్లీ మొదలైన బృందం 'సెవెన్ టర్న్స్' (1990) నుంచి 'హిట్టిన్ ది నోట్' (2003) దాకా మంచి స్టూడియో ఆల్బమ్‌లు చేసింది. 1995లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. 1999లో వచ్చిన డెరెక్ ట్రక్స్ బుచ్ సోదరుడి కొడుకు. అలీ అక్బర్ ఖాన్ సరోద్ విని నేర్చుకున్న గమకాలు అతడి స్లైడ్‌లో తెలిసిపోతాయి. మరుసటి ఏడాదే బెట్స్ బృందం నుంచి తప్పుకోవలసి వచ్చింది.

పాత టేపులు

1990 నుంచి పాత కచేరీ టేపులు ఒక్కొక్కటే ఆల్బమ్‌లుగా వస్తున్నాయి. 1970 ఏప్రిల్‌లో సిన్సినాటిలో చేసిన 'లైవ్ ఎట్ లడ్లో గ్యారేజ్' (విడుదల 1990), 1970 జూలై నాటి అట్లాంటా పాప్ ఉత్సవం (విడుదల 2003) వీటిలో ముఖ్యమైనవి. ఫిల్మోర్‌కు ముందు ఏడాది ఈ పాటలు ఎంత పచ్చిగా ఉండేవో, ఎక్కడెక్కడ దారి వెతుక్కునేవో వీటిలో తెలుస్తుంది. 2014లో ఆరు డిస్కులుగా వెలువడిన 'ది 1971 ఫిల్మోర్ ఈస్ట్ రికార్డింగ్స్' మార్చి 12, 13 ప్రదర్శనలను, జూన్ 27 నాటి ఆఖరి రాత్రిని పూర్తిగా అందించింది. డౌడ్ అతికిన పాటల్లో ఏ ముక్క ఏ ప్రదర్శనదో ఇప్పుడు ఎవరైనా పోల్చి వినవచ్చు. 2020లో వచ్చిన 'ది ఫైనల్ నోట్' 1971 అక్టోబరు 17న మేరీలాండ్‌లోని ఓయింగ్స్ మిల్స్‌లో జరిగిన కచేరీ. అది డ్వేన్ చివరి కచేరీ. విలేఖరిగా వచ్చిన ఒక యువకుడు చేతిలోని క్యాసెట్ రికార్డరులో దాన్ని పట్టుకున్నాడు. ధ్వని నాణ్యత తక్కువ, టేపు గరగర ఎక్కువ. అయినా 'స్టేట్స్‌బరో బ్లూస్'లో ఆ గాజు సీసా పలుకు ఆ గరగరను దాటి స్పష్టంగానే వినిపిస్తుంది.